అవ్వకు నీళ్ళు

అయినా అది అబద్ధమెలా అవుతుంది, చెప్పిన రోజున తానూ నమ్మాడు కదా. నమ్మాడా, లేక నమ్మినట్టు తనకు తానే కనిపించాడా, ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో క్రీస్తురాజుకు ఇంతవరకు దొరకలేదు. అతను స్టూలు మీద నిలబడి, రెండు పంచెలు కలిపి కుట్టిన తెల్లగుడ్డను చర్చి గోడకు కొడుతున్నాడు. నోట్లో మేకులున్నాయి. నోట్లో మేకులున్నంతసేపూ ఎవరూ తనను మాట్లాడించరన్న సంగతి ఇందాకే తట్టింది. అందుకని ఒక్కొక్క మేకుకూ పట్టాల్సిన దానికంటే ఎక్కువసేపే పడుతోంది.

కింద పిల్లలు చాపలు పరుస్తున్నారు. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో అదే బడి. వెలుతురు రాకుండా కిటికీలకు తాటాకు తడికెలు కట్టారు. ముందు వరుసలో నాలుగు కుర్చీలు వేశారు. వాటిని మస్తానయ్య రైసుమిల్లు నుంచి బండిమీద తెచ్చారు. రెండు కుర్చీలు నెల్లూరు నుంచి జీపులో వచ్చే ఇద్దరు దొరసానులకు, ఒకటి పాస్టరు దావీదు గారికి, ఒకటి తనకు. పాస్టరు గారు పొద్దునే చెప్పారు.

"నువ్వు పెద్ద దొరసానమ్మ పక్కన కూర్చో నాయనా. మన పిల్లకాయలు మాట్లాడేది ఇంగ్లీషే గాబట్టి తర్జుమాతో పనిలేదు. అయినా ఇంగ్లీషు అయ్యవారు పక్కనుంటే అదొక నిండుతనం."

నిండుతనం. ఆ కుర్చీ వైపు చూడకుండా ఇంకో మేకు కొట్టాడు.

బయట సరుగుడు చెట్ల కింద, ఇసుకలో ఎలిశబెతు పాఠం వల్లిస్తోంది. సముద్రపు గాలికి ఆమె గొంతు ఒకసారి దగ్గరగానూ ఒకసారి దూరంగానూ వినిపిస్తోంది.

"ఆగ్వా, అబ్వేలా. తోమా."

నీళ్ళు అవ్వా, తీసుకో. ఆ మాటలకు అర్థం పిల్లలందరికీ తెలుసు. వాళ్ళ ద్వారా అతనికీ తెలుసు. కాని అది ఇంగ్లీషు కాదు. ఏ భాషో అతనికి తెలియదు, ఇంగ్లీషు కాదన్నంతవరకే తెలుసు. ఈ ఊళ్ళో ఆ సంగతి అతనొక్కడికే తెలుసు. జీపు వచ్చేలోగా ఆ ఒక్క మాట ఎలిశబెతుతో చెప్పాలి. చెప్పకపోతే ఏడో తరగతి చదివే ఆ పిల్ల ఇద్దరు తెల్లవాళ్ళ ముందు నిలబడి, ఇంగ్లీషని నమ్మి, ఆ మాటలు పలుకుతుంది.

పోయిన వానాకాలంలో మిషను ఆఫీసు నుంచి గుడ్డ మీద బొమ్మలు వేసే యంత్రమూ, రేకు డబ్బాలో ఒకే ఒక్క ఫిలిమూ వచ్చాయి. అప్పటికి మిల్లుకు కరెంటు వచ్చి ఏడాదైంది. మస్తానయ్య చర్చికి తీగ లాగించాడు. పిల్లలు బొమ్మ చూస్తూ, మాట వింటూ ఇంగ్లీషు నేర్చుకుంటారని, పలక మీద గీసి నేర్పేదానికంటే అది త్వరగా వస్తుందని ఆఫీసువారు పాస్టరు గారితో చెప్పి పంపారు.

ఫిలిము ముందు భాగం ఎక్కడో తెగిపోయింది. పేర్లూ అక్షరాలూ ఏమీ లేకుండానే ఒక కోడిపుంజు కూసేది. ఒక మట్టి ఇల్లు, గాడిద, పొయ్యి. రెండు జడల పిల్ల బావి నుంచి నీళ్ళు తోడి, పొయ్యి మీద మరగబెట్టి, చల్లార్చి, మంచంలో ఉన్న ముసలమ్మకు తాగించేది. ముసలమ్మ తాగి ఏదో అనేది. మళ్ళీ కోడి. అంతే. ఆ తరవాత గుడ్డ మీద తెల్లటి వెలుగు మిగిలేది.

మొదటిసారి చూసినప్పుడు అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన పాస్టరు గారు తల ఊపుతున్నారు. వెనక మస్తానయ్య నిలబడి, "అబ్బబ్బ, ఇంగ్లీషంటే అదీ! గలగలా గలగలా! మన అయ్యోరు చెప్పేది నత్త నడిచినట్టు ఉంటాది," అన్నాడు. అందరూ నవ్వారు. క్రీస్తురాజు కూడా నవ్వాడు. చెవులు మాత్రం కాలిపోయాయి. ట్రైనింగు పాసై, ఇన్నేళ్ళుగా మూడు తరగతులకు ఇంగ్లీషు చెబుతూ, ఒక చిన్నపిల్ల తన అవ్వతో మాట్లాడే మాట తెలియలేదు. వేరే భాషేమోనన్న అనుమానం రాకపోలేదు. వచ్చిన మరుక్షణం దాన్ని తరిమేశాడు. తనకు రానిదాన్ని వేరే భాష అనడం చేతగానివాడు చెప్పే సాకులా తోచింది. పాస్టరు గారు తల ఊపుతున్నారు కదా.

శనివారం శనివారం ఫిలిము వేసేవారు. మూడో నాలుగో శనివారం మాల్యాద్రి అనే పిల్లవాడు లేచి అడిగాడు.

"సార్, మీరు నీళ్ళంటే వాటరని చెప్పినారు గదా. ఆ పాప ఆగ్వా అంటా ఉండాదే?"

అబద్ధమా కాదా అని తేలనిది అప్పుడు తాను చెప్పిన ఈ మాటే. ఏమాత్రం తడుముకోకుండా, ఎన్నాళ్ళుగానో లోపల సిద్ధంగా ఉన్నట్టు నోట్లోంచి వచ్చింది. "ఒరేయ్, నీ తెలుగు వాచకంలో ఏముంది? జలము అని ఉంది. మీ అమ్మ కడవ ఎత్తుకుంటూ, ఒరే మాల్యాద్రీ, జలము తేవడానికి పోతున్నాను అంటుందా?"

తరగతి ఘొల్లుమంది. మాల్యాద్రి కూడా నవ్వాడు.

"అట్లాగే వాటర్ అనేది పుస్తకంలో మాట. ఆగ్వా అనేది ఇంట్లో మాట. దొరలకైనా ఇల్లు ఇల్లే, పుస్తకం పుస్తకమే."

ఎంత చక్కగా అతికింది! గృహము, ఇల్లు. అగ్ని, నిప్పు. పుస్తకానికొక భాష, నోటికొక భాష లేని జాతి లోకంలో ఉంటుందని అతనెన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఉప్పు కాలవ గట్టు వెంట నడుస్తూ, తాను ఇన్నాళ్ళూ ఇంగ్లీషులోని గ్రాంథికాన్ని మాత్రమే నేర్చుకున్నానని దిగులు పడ్డాడు కూడా. ఆ దిగులు నిజమైనదే. నమ్మకం లేకుండా దిగులు ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి నమ్మాడు. స్టూలు మీద నిలబడి ఆ వాదాన్ని మళ్ళీ ఒకసారి ముగించాడు. ముగిసినా తేలిక పడలేదు.

ఎందుకంటే అసలు సంగతి ఆ రోజుది కాదు, తరవాతది.

తాను సరిదిద్దలేని భాషలో పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టారు. కుండ దగ్గర ఆగ్వా, పొయ్యి దగ్గర ఇంకేదో, తోటకాపరి గాడిదను చూసి మరేదో. బొమ్మ చూడటం, అనడం, నవ్వడం. అందరికంటే ముందు పలికింది ఎలిశబెతు. ఆమె రెండేళ్ళుగా అతని తరగతిలో నోరు విప్పిన పిల్ల కాదు. కారణం అతనికి తెలుసు. ఆరో తరగతిలో చేరిన కొత్తల్లో ఆమె "ఇస్కూలు" అంది. అతను ఆమెను బెంచీ ఎక్కించి, "ఇస్కూలా? ఇంకొకసారి అను, అందరూ వినండి," అన్నాడు. ఆమె మళ్ళీ అట్లాగే అంది. మళ్ళీ అనిపించాడు. తరగతి నవ్వుతున్నంతసేపూ అనిపించాడు. కొట్టలేదు. పిల్లలను కొట్టడనే పేరు అతనికి ఉంది.

ఆ పిల్లే ఒక శనివారం చీకట్లో, గుడ్డ మీది జడల పిల్లతోపాటు గొంతు కలిపి మొత్తం పలికింది. అతను వెనక నిలబడి విన్నాడు. సరిగా పలికిందో లేదో అతనికి తెలియదు. తెలియదు కాబట్టి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఆమె ఆగలేదు. తన అజ్ఞానం ఒక పిల్లకు నోరిచ్చిందన్నమాట. ఇన్నాళ్ళూ దాన్ని మూసింది తన చదువు. ఈ ఆలోచనను అతను ఒక్కసారే ముట్టుకున్నాడు, వేడి గిన్నెను ముట్టుకున్నట్టు.

తరవాత దగ్గుమందు కోసం నెల్లూరు ఆస్పత్రికి వెళ్ళాడు. వరండాలో ఒక తెల్ల తల్లి, నాలుగేళ్ళ పిల్లవాడు. వాడు గ్లాసు తోసేస్తున్నాడు. ఆమె వాణ్ణి బుజ్జగిస్తోంది, కోప్పడుతోంది, మళ్ళీ బుజ్జగిస్తోంది. అది పుస్తకంలో మాట కాదు, ఇంట్లో మాటే. వాటర్ అంది. వాడు కూడా ఏడుస్తూ వాటరే అన్నాడు. క్రీస్తురాజుకు ఆమె అన్న ప్రతి మాటా అర్థమైంది. తన ఇంగ్లీషు నిజంగా ఇంగ్లీషేనని రుజువైన ఆ క్షణంలో సంతోషించవలసిన మనిషి, మందు సీసాతో స్తంభం చాటుకు జరిగాడు, ఆ పిల్లవాడు తనవైపు వేలెత్తి చూపుతాడేమోనన్నట్టు.

ఆ తరవాత ఎన్ని శనివారాలు పోయాయో. ప్రతి శనివారం చెబుదామనుకున్నాడు. పిల్లల ఉత్సాహం చెడగొట్టడమెందుకు అనుకున్నాడు. పాస్టరు గారు నొచ్చుకుంటారనుకున్నాడు. ఏ భాషైతేనేం, భాషే కదా అని కూడా అనుకున్నాడు. ఇవన్నీ మంచి కారణాలు. వీటి వెనక ఇంకొకటి ఉంది. అది కారణం కూడా కాదు, ఒక చప్పుడు: జలము మాట చెప్పినప్పుడు తరగతి నవ్విన నవ్వు. ఆ నవ్వు అతనికి ఎంతో బాగుంది. సంగతి చెబితే దాన్ని వెనక్కి ఇచ్చేయాలి. అదే నవ్వు ఈసారి మరోవైపు నుంచి వస్తుంది.

ఈలోగా దొరసానులు వస్తున్నారని కబురొచ్చింది. ఫిలిము వేసే ముందు, అందులో ఉన్నది పిల్లల చేత ఆడించాలని పాస్టరు గారు నిశ్చయించారు. "మన పిల్లకాయలు దొరల ఇంటి ఇంగ్లీషు మాట్లాడతారని ముందే చెప్పి పెట్టినాను," అన్నారు. అవ్వ వేషం మాల్యాద్రికి. మనుమరాలు ఎలిశబెతు. వేరే ఎవరినైనా పెడదామని క్రీస్తురాజు అనబోయాడు. ఎందుకని అడుగుతారేమోనని ఊరుకున్నాడు.

మేకులు అయిపోయాయి. ఖాళీ నోరు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. స్టూలు దిగి బయటికి నడిచాడు.

ఎలిశబెతు ఇత్తడి చెంబును ఇసుకతో తోముతోంది. పక్కనే గ్లాసు తళతళలాడుతోంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"ఏంది సార్, అట్ట చూస్తా ఉండారు? జడలు బాగలేవా?"

"బాగున్నాయి."

"ఫిలిములో పాపకు ముందుకు ఏసినారు. నావి పొట్టివి, ముందుకు నిలబడవు." జడలు లాగి చూపించింది. "సార్, దొరసానమ్మ నన్ను ఇంకేమన్నా అడిగితే నేనేం చెప్పాల?"

"ఎలిశబెతూ," అన్నాడు. మాట అక్కడిదాకా వచ్చింది. అది ఇంగ్లీషు కాదమ్మా. చిన్న మాట.

"మా అవ్వకు గూడా వచ్చేసింది సార్!" అంది ఆ పిల్ల, అతను ఆగడం చూసి. "మంచం మీద నుంచి లెయ్యలేదు గదా, రోజూ నేనే నీళ్ళు ఇస్తా. ఇచ్చేటప్పుడల్లా ఇదే చెప్తా. మొన్నట్నించి తాగేసి, ఫిలిములో ముసలమ్మ మాదిరే గ్రాసియాస్ అంటా ఉండాది. పళ్ళు లేవు గదా, గాసి గాసి అంటాది. మా అమ్మ నగి నగి చచ్చింది. ముసిల్దానికి చచ్చేముందు ఇంగ్లీషు వచ్చిందే అని."

ఆమె నవ్వుతోంది. రెండేళ్ళలో ఆమె అతనితో ఇన్ని మాటలు ఒక్కసారిగా చెప్పడం ఇదే మొదలు. ఆ నవ్వు ఎదుట నిలబడి, తన మొహం కూడా నవ్వుతోందని అతనికి తెలిసింది. నోరు తనంతట తానే ఆ పని చేస్తోంది.

"చెంబు బాగా తోమావు," అన్నాడు.

అంతే అన్నాడు. తోట అవతల జీపు హారను మోగింది. పిల్లలంతా ఆ వైపు పరుగెత్తారు. చెప్పడానికి ఇక వ్యవధి లేదని తెలియగానే అతని లోపల ఏదో సడలింది. ఆ సడలింపును గుర్తుపట్టి, సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. హారను కోసమే ఇంతసేపూ ఎదురుచూశాడన్నమాట.

దొరసానులు మర్యాదస్తులు. చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. పెద్దావిడకు జుట్టు నెరిసింది, చేతిలో తాటాకు విసనకర్ర ఉంది. చిన్నావిడ ఈమధ్యే సముద్రం దాటి వచ్చిందట. పాట అయింది, ప్రార్థన అయింది. క్రీస్తురాజు పెద్దావిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మస్తానయ్య గుమ్మంలో నిలబడ్డాడు. వెనక తల్లులూ తండ్రులూ కిక్కిరిసి ఉన్నారు.

మాల్యాద్రి దుప్పటి కప్పుకొని చాప మీద కూర్చొని దగ్గాడు. జనం నవ్వారు. ఎలిశబెతు చెంబూ గ్లాసూ పట్టుకొని వచ్చింది. అడుగు తడబడలేదు. దొరసానుల వైపు చూడలేదు. ఒక నిజమైన అవ్వ దగ్గరికి వచ్చినట్టే వంగి, గ్లాసులో నీళ్ళు పోసి చాపింది.

"ఆగ్వా, అబ్వేలా. తోమా."

చిన్న దొరసాని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పెద్దావిడ ముందుకు వంగి విని, కళ్ళు పెద్దవి చేసి, ఆమె కూడా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. పసిపిల్ల పెద్దవాళ్ళ చెప్పులు వేసుకొని నడిస్తే నవ్వే నవ్వు. తరవాత తెలుగులో, ఒక్కొక్క మాటే విడదీసి, చర్చి అంతా వినిపించేలా అంది:

"అయ్యో, పాపా! ఇది ఇంగ్లీషు కాదు. ఇది స్పానిష్ భాష. ఎవరు నేర్పించారు?"

తర్జుమా అవసరం లేకపోయింది.

గుమ్మంలోంచి మస్తానయ్య గొంతు వినిపించింది. "ఇంగ్లీషు కాదంట్రా! ఇన్నాళ్ళూ నా కరెంటు పెట్టి మన పిల్లకాయలు ఏ బాస నేర్చుకున్నట్టు?" ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కిసుక్కు వెనక్కి పాకి, పెద్దదై, తిరిగి ముందుకు వచ్చింది. పాస్టరు గారు తల ఊపడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. మాల్యాద్రి దుప్పటి చాప మీదే వదిలేసి, తడికె పక్క నుంచి దూరి పారిపోయాడు.

ఎలిశబెతు వంగిన మనిషి అట్లాగే ఉంది. గ్లాసు చాపిన చెయ్యి అట్లాగే ఉంది. ఆ గ్లాసు అందుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమె తల తిప్పి కుర్చీల వైపు చూసింది. దొరసానులను కాదు, అతన్ని. బెంచీ మీద నిలబెట్టిన రోజున కూడా ఇట్లాగే చూసింది. ఆ చూపును ఇన్నాళ్ళూ తాను ఎక్కడ దాచాడో అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఇంగ్లీషు గాదా సార్?"

"కాదు," అన్నాడు. గొంతు బయటికి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం కలిగింది. "నాకు ముందే తెలుసు."

నవ్వు ఆగింది. అందరి చూపులూ ఒక్కసారిగా వచ్చి తన మీద పడటం చెవులకు తెలిసింది. పెద్ద దొరసాని విసనకర్ర ఆగింది. మొహం ఎటు తిప్పాలో తెలియలేదు, ఎటు తిప్పినా మనుషులే. చాపిన గ్లాసు వంగి, నీళ్ళు కొన్ని చాప మీద ఒలికాయి.

క్రీస్తురాజు కుర్చీలోంచి లేచాడు. నాలుగడుగులు వేసి, మాల్యాద్రి వదిలేసిన దుప్పటిని తీసి తలమీదుగా కప్పుకున్నాడు. చాప మీద, ఆ పిల్ల ముందు, మోకాళ్ళు ముడిచి కూర్చొని, నీళ్ళ కోసం చెయ్యి చాపాడు.